చివికిపోని పీలిక

రంపం చేతికిస్తే ఎంతటి మానునైనా పడగొట్టే ఆర్చీ, ఆ సోమవారం సాయంత్రం ఊరి హాల్లో నాలుగు గుడ్డపీలికలు విప్పమనేసరికి నడుం పట్టుకున్నాడు.

“వంగితే లేవలేనండీ ప్రౌస్ గారూ,” అన్నాడు.

“వంగే పనేముంది? పీలికలు కొమ్మలకున్నాయి. చేతులెత్తితే చాలు.”

“ఎత్తితే అసలే దించలేను.”

కమిటీలో అందరూ నవ్వారు గాని, ఆర్చీ నవ్వలేదు. ప్రౌస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఇంగ్లండు మనిషి. పడవల రేవు పక్కన బొమ్మల దుకాణం కొనుక్కుని ఈ స్కాట్లండు సరస్సు ఒడ్డున స్థిరపడ్డాడు. యాత్రికుల కమిటీ అధ్యక్ష పదవి ఎవరూ పుచ్చుకోకపోతే పాపం తనే పుచ్చుకున్నాడు. ఆయన చెప్పే మాటలో తప్పేమీ లేదు. వెనకటి రోజుల్లో జనం అడవిలో ఉన్న ఊట దగ్గర చెట్లకు నూలుగుడ్డో ఉన్నిగుడ్డో కట్టేవారు. వానకు నాని, నాచు పట్టి, చివికి రాలిపోయేది. ఇప్పుడు నైలాను మేజోళ్ళు కడుతున్నారు, ఫుట్‌బాల్ జట్ల కండువాలు కడుతున్నారు, వానకోట్లు చింపి కడుతున్నారు. అవి చావవు. చెట్లు చూస్తే ఎవరో చాకిరేవు బట్టలు ఆరేసి మరిచిపోయినట్టుంది. యాత్రికుల బస్సులు వచ్చే కాలం మొదలైంది. చివికేవాటిని ఉంచుదాం, చివకనివాటిని తీసేద్దాం, అన్నాడాయన. అందరూ తలూపారు. తీరా ఎవరు తీస్తారనేసరికి అందరికీ నడుం నొప్పే.

ఆ ఊళ్ళో ఎవర్ని పట్టుకుని అడిగినా అలాంటివి నమ్మమనే అంటారు. జబ్బుమనిషి ఒంటిమీది గుడ్డపీలిక ఊటలో తడిపి చెట్టుకు కట్టాలి. అది చివికినకొద్దీ జబ్బూ చివుకుతుంది. కట్టినదాన్ని విప్పినవాడికి ఆ జబ్బు అంటుకుంటుంది. ఇదంతా ముసలమ్మల మాట అని కొట్టిపారేస్తారు. కొట్టిపారేసే ఆ చెయ్యి మాత్రం పీలిక మీద వెయ్యరు.

“ఆ సిరియా పిల్ల ఉందిగా,” అంది రొట్టెల దుకాణం జెస్సీ ఆన్. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. “హోటల్లో గదులు తుడుస్తుందే, బెరివాన్. కూలి ఇస్తే చేస్తుంది. ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయి?”

ఆర్చీ తన బూట్లకేసి చూసుకున్నాడు. ప్రౌస్ గారు ఒక్కడే, “భేష్, మంచి ఆలోచన,” అన్నాడు. ఆయనకి నిజంగా అందులో మర్మమేదీ కనిపించలేదు. “ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.”

అందరి చేతులూ లేచాయి. డోలినా చెయ్యి కూడా లేచింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకున్నారు.

బస్సుల్లో వచ్చిన యాత్రికులకు ఊరు చూపించే పని డోలినాది. పచ్చ గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడుస్తుంది. మొదట మరుగుదొడ్లు, ఆ తర్వాత రేవు, కూలిన కోట, హంసలకు గింజలు వేసే మెట్లు, ఉన్ని నేసే మిల్లు, చివరికి పీలికల ఊట. ఆ వరస ఆవిడకి నిద్రలో కూడా తప్పదు. ఊట దగ్గర నిలబడి, “నైలాను పనికిరాదండీ, చివికేదే కట్టాలి,” అని రోజూ పదిమందికి చెప్పే మనిషి. అలాంటి మనిషి మార్చి నెలలో, ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేసి మొగుడు మర్డో ఊపిరితిత్తుల్లో ఏదో మచ్చ కనిపించిందని చెప్పిన మధ్యాహ్నం, పెరట్లో తీగ మీద ఆరుతున్న ఆయన చొక్కా వెనక వేలాడే తోక కత్తిరించి, కోటు జేబులో కుక్కుకుని ఊట దగ్గరికి పరిగెత్తింది. అది ఆయన ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా. ఇస్త్రీ అక్కర్లేని టెరిలిన్ చొక్కా. కట్టి ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, మొదటి గుక్క మింగాక గాని ఆ సంగతి తట్టలేదు. ఓరి దేవుడా, అని నెత్తి కొట్టుకుంది. అయితే విప్పడానికి చెయ్యి రాలేదు. ఇది జూన్. పక్కనున్న నూలు పీలికలన్నీ ఆకుపచ్చగా, జల్లెడలా అయిపోయాయి. మర్డో పీలిక మాత్రం సన్నటి నీలిగీతతో నిన్న కట్టినట్టే తెల్లగా ఉంది. రోజూ బస్సువాళ్ళని తీసుకెళ్ళినప్పుడల్లా అది ఆవిణ్ణి వెక్కిరించేది.

శుక్రవారం ఇన్వర్‌నెస్ ఆస్పత్రిలో డాక్టరు తేల్చి చెబుతానన్నాడు.

*

మంగళవారం గ్లాస్గో నుంచి బస్సు వచ్చింది. అంతా పెద్దవాళ్ళు. సన్నటి వాన. నుసుములు ముఖాలమీద ముసురుతుంటే చేతులు ఊపుకుంటూ, డోలినా గొడుగు వెంట అడవిబాట ఎక్కారు.

ఊట దగ్గర బెరివాన్ పని మొదలుపెట్టేసింది. పసుపురంగు రబ్బరు తొడుగులు మోచేతులదాకా వేసుకుంది. ఒక్కో కొమ్మనీ ఎడమచేత్తో వంచి పట్టుకుని, పీలికని వేళ్ళ మధ్య నలిపి చూసి, నూలైతే వదిలేసి, నైలానైతే ముడి విప్పుతోంది. కత్తెర చెట్టుమొదట్లో ఉంది, దాన్ని ముట్టుకోవడం లేదు. విప్పినదాన్ని విసిరెయ్యకుండా మడతపెట్టి సంచిలో వేస్తోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఏదో పాట అనుకుంది డోలినా.

“వచ్చారా, అక్కా,” అంది బెరివాన్. ఊరు మొత్తానికి డోలినాని అక్కా అని పిలిచేది ఆ పిల్ల ఒక్కతే. ఇక్కడ అలా ఎవరూ పిలవరు. తనలా పిలిచినప్పుడల్లా డోలినాకి ముచ్చటేసేది. ఇవాళ ముల్లులా గుచ్చుకుంది.

యాత్రికులు చుట్టూ చేరారు. డోలినా మొదలుపెట్టింది. పాతకాలపు సాధువు, ఊట పుట్టుక, జబ్బు, పీలిక, చివకడం. రోజూ ఆ తర్వాత వచ్చే ముక్క దగ్గర గొంతు తగ్గించి, ‘కానీ విప్పినవాళ్ళకి మాత్రం...’ అని ఆపేది. జనం ఉలిక్కిపడి నవ్వేవారు. ఇవాళ ఆ ముక్క మింగేసి, “ఇక మిల్లుకి వెళ్దామండీ, టీ చల్లారిపోతుంది,” అంది.

అందరూ కదిలారు. ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ మాత్రం కదల్లేదు. “ఉండమ్మా. మా అమ్మమ్మది ఈ పక్క ఊరే. వీటిని విప్పినవాళ్ళకి ఆ జబ్బు అంటుకుంటుందని చెప్పేది. నిజంగా ఆ మాట ఉందా, లేదా?”

అందరూ ఆగి, డోలినాని చూశారు. తర్వాత పసుపు తొడుగుల మనిషిని చూశారు. బెరివాన్ చేతులు ముడి మీద ఆగిపోయాయి.

ఉందని ఒక్క మాట అంటే ఆ పిల్ల తొడుగులు విసిరికొట్టి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే మర్డో పీలిక అక్కడే ఉంటుంది, ఆ మచ్చా అక్కడే ఉంటుంది. లేదంటే... ఆ తర్వాతి ఆలోచనని ఆవిడ చివరిదాకా రానివ్వలేదు, కాని అది అప్పటికే వచ్చి కూర్చుంది.

“అబ్బే, అదంతా బస్సులవాళ్ళ కోసం అల్లిన కథండీ,” అంది. “మా ఊళ్ళో అలాంటి మాటే లేదు.”

ఊదాటోపీ ఆవిడ పెదవి విరిచింది. మిగిలినవాళ్ళు నవ్వేశారు. బెరివాన్ మళ్ళీ ముడి విప్పడం మొదలుపెట్టింది.

దిగేచోట రాతిమెట్టు మీద డోలినా కాలు జారింది. “జాగ్రత్త అక్కా!” అంటూ బెరివాన్ ఒక్క అంగలో వచ్చి చెయ్యి అందించింది. తడిసిన పసుపు తొడుగు. డోలినా తన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, పక్కనున్న ముళ్ళపొద పట్టుకుంది. అరచేయి గీరుకుపోయింది. ఆ పిల్ల ఆ పొదనీ, తన తొడుగునీ, డోలినా ముఖాన్నీ ఒకటి తర్వాత ఒకటి చూసింది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

*

ఆ సాయంత్రం మర్డో సూపు రెండోసారి అడిగాడు.

డోలినా గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నెలల తరబడి ఆ మనిషి గిన్నెలో సగం వదిలేస్తున్నాడు. ఇవాళ మాంసం ముక్కలు ఏరుకుని మరీ తిన్నాడు. తిన్నాక రేవులో పనిచేసినన్నాళ్ళూ చేసినట్టే కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, సరస్సు మీద చివరి పడవ రావడం చూశాడు. ఎంతసేపటికీ దగ్గలేదు.

“ఏమే, అలా చూస్తావేం? నా ముఖం మీద సూపు గాని అంటుకుందా?”

“ఏం లేదయ్యా. బాగా తిన్నావని.”

“బార్లీ బాగా ఉడికింది ఇవాళ. రోజూ నీ బస్సుల తొందరలో పలుకుపలుకుగా దించేస్తావు.”

పని చేస్తోంది! ఆ పిల్ల దాన్ని విప్పేసిందేమో! అనుకుంది. అనుకున్న మరుక్షణం అరచేతిలో గీరుకుపోయినచోట భగ్గుమంది. ఇది సంతోషమా? ఇంట్లో గిన్నె ఖాళీ అయిందని సంబరపడుతున్నాను గాని, ఆ జబ్బు ఎవరి గిన్నెలోకి పోయినట్టు? ఆ పిల్లకి బడికి వెళ్ళే కూతురుంది. ఆవిడకేమన్నా అయితే ఈ దేశంలో ఆ పసిదానికి దిక్కెవరు? ఛీ, నేనూ ఒక మనిషినేనా, అని తనని తాను తిట్టుకుంది. గిన్నె కడుగుతూ కడుగుతూ ఏడ్చింది. కుళాయి గట్టిగా తిప్పి ఉంచింది గనక మర్డోకి వినపడలేదు.

*

బుధవారం పొద్దున్నే, మొదటి బస్సు రాకముందే ఊట దగ్గరికి వెళ్ళింది. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా కూడబలుక్కుంది. అక్కడికి చేరాక ఒక్కటీ గుర్తులేదు.

పని దాదాపు అయిపోయింది. చెట్లు తేలికపడ్డట్టున్నాయి. మూతులు కట్టిన సంచులు బాటపక్కన పేర్చి ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆర్చీ బండి తెచ్చి తీసుకెళ్ళాల్సింది. టైరు గాలిపోయిందని కబురు పంపాడట. బెరివాన్ ఊటగట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ తాగుతోంది. తొడుగులు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ తల పైన కొమ్మకి తెల్లటి పీలిక, నీలిగీత. చివకనివాటిలో అదొక్కటే మిగిలింది.

“నిన్న అబద్ధం చెప్పాను,” అంది డోలినా. “ఆ మాట ఉంది. విప్పినవాళ్ళకి అంటుకుంటుందంటారు. ఊరందరికీ తెలుసు. తెలిసే నిన్ను పెట్టారు. నేనూ చెయ్యెత్తాను.”

“నాకూ తెలుసు అక్కా.”

“ఏం తెలుసు?”

“మా ఊళ్ళో కూడా చెట్టు ఉంది. ఇంతకంటే పెద్దది. జ్వరం వస్తే కడతాం, పిల్లలు పుట్టకపోతే కడతాం. విప్పకూడదు.” బెరివాన్ దూరంగా కింది కొమ్మకున్న పచ్చటి నూలు పీలికని వేలితో చూపించింది. అది సగం పైగా చివికిపోయింది. “అది నాదే. మా అమ్మకోసం. అమ్మ అక్కడే ఉంది.”

డోలినా ఆ రాతి మీద చతికిలబడింది. “తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావే తల్లీ?”

“వచ్చి రెండు చలికాలాలు అయింది. అందరూ మంచివాళ్ళే. కోటు ఇచ్చారు, సైకిల్ ఇచ్చారు. ఇస్తూనే ఉన్నారు. నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఇది అడిగారు.” ఆ పిల్ల టీ కప్పు విదిలించి ఫ్లాస్కుకి మూత బిగించింది. “మీరు భయపడకండి అక్కా. మా ఊళ్ళో ఇంకో మాట ఉంది. తెలిసి విప్పితే విప్పినవాళ్ళకి అంటదు. తెలియనివాళ్ళచేత విప్పిస్తే, విప్పించినవాళ్ళకి అంటుతుంది. నాకు తెలుసు కదా. అందుకని ఊళ్ళో ఎవరికీ ఏం కాదు. ఒక్కోటి విప్పేటప్పుడు ఆ మాట కూడా అన్నాను, నాకు తెలుసు, నాకు తెలుసు, అని.”

నిన్న పెదవులు కదిలింది అందుకన్నమాట. ఆ రెండో మాట నిజంగా వాళ్ళ ఊళ్ళో ఉందో, ఇప్పుడే ఈ ఊరి కోసం అల్లిందో డోలినాకి తెలియలేదు. అడిగే ముఖమూ లేదు.

“మరి దాన్నెందుకు వదిలేశావ్?”

“ఆ ముడి వేరే. రేవులో పడవలకి వేసే ముడి. మీ ఇంటిది అనుకున్నాను. నిన్న మీ చెయ్యి వెనక్కి పోయింది కదా, అప్పుడు నమ్మకం కుదిరింది.” ఆవిడ గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. దాన్ని దాచుకోనూలేదు. “అది ఊరి పని కాదు. మీరు నోరు తెరిచి అడిగితే విప్పుతాను. అడక్కపోతే విప్పను.”

తొడుగులు తీసి వేసుకోబోయింది. నిజంగానే విప్పుతుంది. ఒక్క మాట అంటే చాలు. డోలినా ఆ తెల్లటి పీలికకేసి చూసింది. నిన్న మర్డో తుడిచిపెట్టిన గిన్నె కళ్ళముందు కదిలింది. ఎల్లుండే శుక్రవారం.

“కొమ్మ పట్టుకో,” అంది.

బెరివాన్ తొడుగులు పక్కన పెట్టి, కొమ్మ వంచి పట్టుకుంది. డోలినా గోళ్ళతో ముడి పట్టుకుని లాగింది. అది మర్డో పెళ్ళయిన కొత్తల్లో రేవు మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పిన ముడి, తడిస్తే ఇంకా బిగుస్తుంది. ఒక గోరు విరిగింది. “కత్తెర ఇవ్వనా?” అంది బెరివాన్. “వద్దు. కొయ్యకూడదు దీన్ని,” అంది డోలినా. మెడ చాచి, ముడిని పంటితో కరిచి పట్టుకుని గుంజింది. నాలుకకి వాననీళ్ళ రుచీ, నాచు రుచీ తగిలాయి. రెండోసారి గుంజితే వదులైంది. పీలిక చేతిలోకి వచ్చింది. దాన్ని సంచిలో వెయ్యకుండా జేబులో పెట్టుకుంది.

కొమ్మ వదిలాక బెరివాన్ ఉత్తచెయ్యి చాచింది. రాతిమెట్టు మీద ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని డోలినా దిగింది.

*

ఇంటికి వెళ్ళి, పీలిక ఉతికి, పొయ్యి పక్కన ఆరేసి, బీరువాలోంచి ఆదివారం చొక్కా బయటికి తీసింది. సూదిలో దారం ఎక్కిస్తుంటే మర్డో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“దొరికిందా తోక?”

సూది వేలికి గుచ్చుకుంది. “నీకు తెలుసా?”

“మార్చి నుంచీ తోక లేని చొక్కా వేసుకుని చర్చిలో దేవుడి ముందు నిలబడుతున్నానే. వీపు వెనక గాలి తగలదూ? ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.” మర్డో ఇలాంటి నమ్మకాలేవీ ఒప్పని ఫ్రీ చర్చి పెద్దల్లో ఒకడు. పీలికల చెట్టుని దయ్యాల చాకిరేవు అని తిట్టిపోసిన మనిషి. వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. “విప్పెయ్యమని చెబుదామనే అనుకున్నాను ప్రతి ఆదివారం. నోరు రాలేదు. ఏమో, ఉండనీలే అనిపించింది. భయమేసింది డోలీ.”

అన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. డోలినా జరిగిందంతా చెప్పింది. చెయ్యెత్తడం, అబద్ధం, చెయ్యి వెనక్కి లాక్కోవడం, సూపు గిన్నె చూసి సంబరపడటం, ఏదీ దాచలేదు. ఆయన వింటున్నంతసేపూ మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది, చాలాసేపు పట్టింది.

“ఆ సంచులు ఇంకా బాటపక్కనే ఉన్నాయా?” అన్నాడు ఊపిరి కూడదీసుకుని.

“ఆర్చీ బండికి టైరు గాలి పోయిందట.”

“ఆర్చీకే పోయింది గాలి. నా వ్యాను తాళాలు ఎక్కడ పెట్టావ్? నేను పట్టుకెళ్ళి పారేస్తాను. నాకున్నదానికంటే కొత్తగా ఏం అంటుకుంటుంది?” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “కుట్టు సన్నగా వెయ్యి. శుక్రవారం డాక్టరు ముందు విప్పాలి ఆ చొక్కా.”

*

గురువారం బస్సు వచ్చేసరికి ఎండ కాసింది. ఊట శుభ్రంగా ఉందని ప్రౌస్ గారు స్వయంగా చూసి మురిసిపోయాడు. జెస్సీ ఆన్ డోలినాని చూసి, అడక్కుండానే బెరివాన్ కూతురికని రొట్టెల పొట్లం చేతిలో పెట్టింది. డోలినా తీసుకోలేదు. “నువ్వే ఇవ్వవే. ఇచ్చి, ఎందుకిస్తున్నావో కూడా చెప్పు,” అంది. జెస్సీ ఆన్ పొట్లం వెనక్కి తీసుకుంది.

ఊట దగ్గర నిలబడి డోలినా ఆ రోజు కథ మొత్తం చెప్పింది. ఏ ముక్కా మింగలేదు. విప్పినవాళ్ళకి అంటుకుంటుందని చెప్పింది, తెలియనివాళ్ళచేత విప్పిస్తే విప్పించినవాళ్ళకి అంటుతుందని కూడా చెప్పింది. “ఆ రెండోది ఈ మధ్యే తెలిసిందండీ మా ఊరికి,” అంది.

వెనకనుంచి ఒక పొడుగాటాయన నవ్వుతూ అడిగాడు: “చెట్లు బోసిగా ఉన్నాయే. ఎవరమ్మా అంత ధైర్యవంతులు, ఇవన్నీ విప్పింది?”

“హోటల్లో మీ గదులు సర్దుతుందే బెరివాన్, ఆవిడ. ఒకటి నేను.”

“మరి అంటుకుందా ఏమన్నా?”

“రేపు తెలుస్తుందండీ,” అంది డోలినా. పచ్చ గొడుగు పైకెత్తి, తలలు లెక్కపెట్టుకుని, మిల్లు వైపు నడిచింది.